మాయ చేసే పని: దూడ ఎదుగుదల, బిడ్డ ఎదుగుదల

పశువు ఈనిందని తెలియగానే కొట్టం దగ్గరకు వచ్చినవారు మొదట అడిగేది "పెయ్యదూడా, పోతుదూడా?" అని. రెండో ప్రశ్న "మాయ వేసిందా?" అని. వేసిందని తెలిస్తే అందరి మనసులూ కుదుటపడతాయి. దాన్ని తీసి దూరంగా పారేస్తారు, లేదా కుక్కలు ఎత్తుకుపోతాయి. మాయ ముచ్చట అక్కడితో సరి. తొమ్మిది పది నెలలు అది కడుపులో ఏం పని చేసిందో, ఆ పని సరిగా జరగకపోతే పుట్టిన దూడ ఎలా ఉంటుందో ఆలోచించే అలవాటు మనకు లేదు.

ఈ పాఠంలో ఆ సంగతి చెప్పదలిచాము. పశువు మాయతోపాటు ఇంట్లో గర్భిణి మాయ గురించి కూడా చెబుతాము. గొడ్డునూ కోడలినీ ఒకే పాఠంలో కలపడం ఏమిటని సభ్యులు తప్పుపట్టవద్దు. రెండుచోట్లా జరిగే పని ఒకటే. తేడాలు కూడా ఉన్నాయి, ఆ తేడాలు తెలుసుకోవడం వల్లనే దూడలు బతుకుతాయి. పైగా రెంటికీ కావలసిన పాలు మన పాలకేంద్రానికి వచ్చే క్యాన్‌లోనివే.

మాయ ఎవరిది?

మాయనే కొందరు మావి అంటారు, పుస్తకాలలో జరాయువు అని రాస్తారు. అది తల్లి శరీరంలో ఒక భాగమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చాలావరకు దూడదే. తల్లి అండం, ఆంబోతు వీర్యకణం కలిసి ఏర్పడిన పిండంలోనే కొంత భాగం దూడగా, కొంత భాగం మాయగా విడిపోతుంది. అంటే దూడ తన ఒంటినుంచే ఒక వేరును గర్భసంచిలోకి దింపుకుంటుందన్నమాట. వరినారు నాటిన తరువాత మొదట వేరు పట్టి, ఆపైన పిలకలు వేయడం మనకు తెలిసిందే. ఇక్కడా వరుస అదే. ముందు మాయ ఎదుగుతుంది, ఆ తరువాతే దూడ బరువెక్కుతుంది.

ఆవులో, గేదెలో మాయ ఒకే ముద్దగా ఉండదు. గర్భసంచి లోపలి గోడమీద బొడిపెలు ఉంటాయి. దూడ పొరమీద వాటికి సరిపడే గుత్తులు పుట్టి, చొక్కాకు గుండీ పెట్టినట్లు ఒక్కొక్క బొడిపెకు ఒక్కొక్క గుత్తి పట్టుకుంటుంది. ఆవులో ఇటువంటి గుండీలు సుమారు 70 నుండి 120 దాకా ఉంటాయి. పడిన మాయను కర్రతో విప్పి చూస్తే ఎర్రటి బిళ్ళలుగా కనిపించేవి ఇవే. మనుషులలో అలా కాదు. ఒకే గుండ్రని పళ్ళెంలా ఉండి, కాన్పునాటికి సుమారు అరకిలో తూగుతుంది. మూడు కిలోల బిడ్డకు అరకిలో మాయ, అంటే ఆరో వంతు. ఆ అరకిలోలో సన్నని వేళ్ళలా చీలిన భాగాలన్నీ విప్పి పరిస్తే 11, 12 చదరపు మీటర్లు వస్తుందని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గది నేలంత అన్నమాట.

తల్లి నెత్తురూ బిడ్డ నెత్తురూ ఎక్కడా కలవవు. రెండింటి మధ్య పలుచని పొర ఉంటుంది. ఆ పొరలోంచి ప్రాణవాయువు, చక్కెర, మాంసకృత్తుల సారం, సున్నం, ఇనుము ఇటునుంచి అటు పోతాయి. మలినాలు అటునుంచి ఇటు వస్తాయి. పుట్టేదాకా బిడ్డకు ఊపిరితిత్తి, పేగు, మూత్రపిండం అన్నీ మాయే. ఇవి కాక మాయ కొన్ని హార్మోనులను తయారుచేస్తుంది. వాటిలో ఒకటి తల్లి పొదుగును పాలకు సిద్ధం చేయడంలో తోడ్పడుతుంది. కడుపులో రెండు పిల్లలున్న మేకకు ఈ హార్మోను ఎక్కువగా ఉంటుంది, పాల గ్రంథులు కూడా ఎక్కువగా పెరుగుతాయి. అందువల్ల మాయను గురించి పట్టించుకోవడం దూడ కోసమే కాదు, రాబోయే ఈత పాల కోసం కూడా.

ఆంబోతు గొప్పదైతే చాలదా?

కృత్రిమ గర్భోత్పత్తి కేంద్రం దగ్గర మేము తరచు వినే మాట ఒకటుంది. "మంచి జాతి ఆంబోతు వీర్యం వేయించాం, ఇక దూడకేం లోటు?" అని. దీనికి జవాబుగా ఒక పాత ప్రయోగం చెబుతాము. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో వాల్టన్, హామండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు షైర్ అనే ఏనుగంతటి బండి గుర్రాలను, షెట్లాండ్ అనే పొట్టి గుర్రాలను తీసుకున్నారు. షైర్ మగగుర్రం వీర్యాన్ని పొట్టి ఆడగుర్రానికి, పొట్టి మగగుర్రం వీర్యాన్ని షైర్ ఆడగుర్రానికి కృత్రిమ పద్ధతిలో వేశారు. అంత తేడా ఉన్న జంతువులను మామూలుగా దాటించడం కుదరదు గనుక సూది పద్ధతే శరణ్యమైంది. ఫలితాలను 1938లో ప్రకటించారు. రెండు రకాల పిల్లలకూ తల్లిదండ్రుల జాతులు అవే, రక్తం సగంసగమే. అయినా షైర్ తల్లికి పుట్టిన పిల్ల, పొట్టి తల్లికి పుట్టిన పిల్లకు మూడు రెట్ల బరువుంది. పొట్టి తల్లి కడుపులో పెరిగిన పిల్ల ఇంచుమించు తన తల్లి జాతి పిల్లంతే పుట్టింది. పెద్దవైన తరువాత ఆ తేడా కొంత తగ్గిందేగాని పూర్తిగా పోలేదు.

ఆంబోతు దూడకు ఎదిగే శక్తిని ఇస్తుంది. కడుపులో ఆ శక్తి ఎంతవరకు అక్కరకు వస్తుందో తల్లి గర్భసంచీ, దానిలో మాయకు దొరికిన చోటూ, దానికి అందిన నెత్తురూ నిర్ణయిస్తాయి. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ ప్రకటించిన గొర్రెల ప్రయోగం దీన్ని మరింత సూటిగా చూపించింది. గొర్రెలు కట్టకముందే శస్త్రచికిత్స చేసి గర్భసంచిలోని బొడిపెలలో చాలావాటిని తీసివేశారు. మిగిలిన బొడిపెల దగ్గర గుత్తులు మామూలుకన్నా పెద్దవిగా పెరిగి లోటు పూడ్చడానికి ప్రయత్నించాయి. లోటు మరీ ఎక్కువైనచోట మాయ చిన్నదైంది, పిల్ల కూడా చిన్నదిగానే పుట్టింది. తల్లికి మేత తక్కువ చేయలేదు, జాతి మార్చలేదు. తగ్గించింది మాయకు చోటు మాత్రమే.

మన పెయ్యల విషయంలో దీని అర్థమేమిటో చూడండి. సరిగా మేపక, రెండున్నరేళ్ళు నిండినా చిక్కిపోయి ఉన్న పెయ్యకు ఎద కనిపించగానే సూది వేయిస్తే, అది తన ఒంటికీ కడుపులోని దూడకూ మేత పంచుకోవలసి వస్తుంది. పెయ్యకు వయసు చూసి కాక బరువు చూసి చూలు కట్టించాలని పశువైద్యులు చెప్పేది అందుకే. ఆ జాతి పెద్ద పశువు బరువులో మూడింట రెండు వంతులకు దగ్గరకు వచ్చాక కట్టించడం మంచిది. పెరుగుదల ఆగని పదహారు, పదిహేడేళ్ళ ఆడపిల్లకు కాన్పు వస్తే అక్కడా ఇటువంటి పంపకమే జరుగుతుంది. 18 ఏళ్ళు నిండనిదే పెళ్ళి చేయరాదన్నది చట్టం. ఆ చట్టానికి వైద్యపరమైన కారణం కూడా ఉందని చెప్పడానికే ఈ మాట ఎత్తాము.

చివరి మూడు నెలలు, ఎండాకాలం

ఆవు సుమారు 280 రోజులు, గేదె సుమారు 310 రోజులు మోస్తాయి. కడుపులో దూడకు వచ్చే బరువులో మూడింట రెండు వంతుల దాకా చివరి మూడు నెలల్లోనే వస్తుంది. మొదటి ఆరు నెలలు పశువు చూలుతో ఉన్నట్లు పెద్దగా కనిపించదు, మేత ఖర్చూ పెరగదు. అయినా మాయ తన వేళ్ళు పాతుకునేది అప్పుడే. కనుక "ఇంకా నెల తక్కువే గదా, వట్టి గడ్డి చాలు" అనుకోవడం ఒక పొరపాటు. చివరి రెండు నెలలు కూడా పాలు పిండుతూ వట్టిపోనివ్వకపోవడం రెండో పొరపాటు. ఒకే తల్లి క్యాన్‌కూ, దూడకూ పంచి ఇస్తే ఇద్దరికీ చాలదు. ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపి, పచ్చిమేత, దాణా, రోజూ ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వాలి.

మూడోది మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు. మన గేదెలలో ఎక్కువ భాగం తొలకరి తరువాతనుంచి చలికాలం మొదటి దాకా ఈనుతాయి. అంటే వాటికి నిండు నెలలు సరిగ్గా వేసవిలో, లేదా వేసవి వెన్నంటి వస్తాయి. ఎండదెబ్బకు పశువు చర్మంవైపు నెత్తురు ఎక్కువగా పంపి ఒళ్ళు చల్లార్చుకుంటుంది. గర్భసంచికి పోవలసిన నెత్తురు తగ్గుతుంది. వేడి గదులలో ఉంచిన చూలు గొర్రెలకు మాయ చిన్నదై, పిల్లలు చిన్నవై పుట్టడం పరిశోధనలలో చూశారు. అమెరికాలోని ఫ్లోరిడాలో వట్టిపోయిన చూలు ఆవులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఫ్యాన్లు, నీటి తుంపరలు పెట్టారు, మరో జట్టుకు నీడ మాత్రమే ఇచ్చారు. నీడ మాత్రమే ఉన్న ఆవుల దూడలు తక్కువ బరువుతో పుట్టాయి. జున్నుపాలలోని రోగనిరోధక శక్తిని తక్కువగా పట్టుకున్నాయి. ఆ పెయ్యలు పెద్దవై ఈనినప్పుడు తొలి ఈతలో పాలు కూడా తక్కువే ఇచ్చాయి. కడుపులో ఉండగా తిన్న ఎండకు రెండేళ్ళు దాటాక కూడా పాలలో కోత పడిందన్నమాట.

మనకు అటువంటి యంత్రాలు అందరికీ కుదరవు. వేపచెట్టు నీడ, తాటాకు పందిరి, మధ్యాహ్నం రెండుసార్లు ఒంటిమీద నీళ్ళు, చెరువున్న ఊళ్ళో సాయంత్రం దాకా మడుగు, ఎప్పుడూ నిండుగా తొట్టి నీళ్ళు ఉంటే చాలావరకు సరిపోతుంది. పాలిచ్చే గేదెను చెట్టు కింద కట్టి, పాలివ్వని చూలు గేదెను ఎండలో వదలడం అనేక ఊళ్ళలో చూస్తున్నాము. ఆ రోజు లెక్కకు అది బాగానే ఉంటుంది గాని, వచ్చే ఏటి లెక్క చూస్తే నీడ మొదట కావలసింది చూలు పశువుకు.

ఆవు మాయ ఇవ్వనిది, జున్నుపాలు ఇచ్చేది

పశువుకూ మనిషికీ ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. తల్లి నెత్తురులో జబ్బులను ఎదిరించే పదార్థాలుంటాయి. స్త్రీ మాయ వాటిని, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, బిడ్డకు అందిస్తుంది. అందుకే నెలలు నిండిన బిడ్డ కొంత రక్షణతో పుడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ రక్షణ తక్కువ. ఆవు, గేదె, గొర్రె, మేకల మాయ పొరలు వేరుగా ఉంటాయి. వాటిలోంచి ఈ పదార్థాలు దాటిపోలేవు. దూడ పుట్టేటప్పుడు దాదాపు ఏ రక్షణా లేకుండా పేడ, మూత్రం ఉన్న నేలమీద పడుతుంది. మాయ ఇవ్వలేనిదంతా జున్నుపాలలో పెట్టి ఉంచింది ప్రకృతి.

అయితే దీనికి గడువు ఉంది. పుట్టిన తొలి గంటల్లో దూడ పేగు ఆ పదార్థాలను ఉన్నవాటిని ఉన్నట్లుగా నెత్తురులోకి తీసుకుంటుంది. గంట గంటకూ ఆ తలుపు మూసుకుంటూ వస్తుంది. ఒక రోజు గడిచేసరికి పూర్తిగా మూసుకుపోతుంది. ఆ తరువాత పట్టే జున్నుపాలు ఆహారంగా పనికివస్తాయేగాని రక్షణగా పనిచేయవు.

మన ఊళ్ళలో ఒక ఆచారం ఉంది. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరకు రానివ్వరు. ముందే పాలు తాగిస్తే మాయ పడదని, తల్లికి చేటని పెద్దలు చెబుతారు. ఈ ఆచారం మానాలని మేము గట్టిగా చెబుతున్నాము. మాయ పడడానికి ఒకోసారి ఎనిమిది, పది గంటలు పడుతుంది. అన్ని గంటలు దూడ వట్టి కడుపుతో ఉంటే, దూడ పేగు తలుపు సగం మూసుకుపోయాకగాని తొలి గుక్క అందదు. పైగా దూడ చీకినప్పుడు పాలు చేపడానికి తల్లి శరీరంలో పుట్టే హార్మోనే గర్భసంచి ముడుచుకోవడానికీ సాయపడుతుంది. అంటే దూడను వదలడం మాయ పడడానికి అడ్డు కాదు, తోడ్పాటే. పుట్టిన గంటా రెండు గంటల్లో తొలిసారి, పన్నెండు గంటల్లో మళ్ళీ తాగించాలి. తొలిరోజు మొత్తం దూడ బరువులో పదో వంతు జున్నుపాలు పడాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లు. లేవలేని దూడకు పిండి సీసాతో పట్టాలి. ఈనిన తొలి అయిదు రోజుల పాలు సంఘానికి పోయకూడదన్న నియమం ఎలాగూ ఉంది. ఇరుగుపొరుగుకు జున్ను పంచడం మన మర్యాద, కాదనము. దూడ వంతు తీసి పక్కన పెట్టాకే పంచండి.

మన ఆడవాళ్ళ కాన్పులలో కూడా ఇటువంటి ఆచారాలున్నాయి. ముర్రుపాలు చిక్కగా పసుపుపచ్చగా ఉన్నాయని పిండి పారబోసి, బిడ్డ నాలుకకు ఆముదమో, తేనెనో, పంచదార నీళ్ళో రాయడం ఇంకా కొన్ని ఇళ్ళలో పోలేదు. పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టాలి, ముర్రుపాలలో ఒక్క చుక్క కూడా పారబోయకూడదు. మాయ ద్వారా వచ్చిన రక్షణ ఉన్నా, పేగుకు కావలసిన రక్షణ ముర్రుపాలలోనే ఉంది. మరొక చిన్న మాట. బిడ్డ బయటపడగానే బొడ్డు తాడు కోయకుండా కనీసం ఒక నిమిషం ఆగితే మాయలో మిగిలిన నెత్తురు బిడ్డకు చేరుతుంది. ఆ నెత్తురులోని ఇనుము తరువాతి నెలల్లో రక్తహీనత రాకుండా కాపాడుతుంది. ఆసుపత్రులలో ఇప్పుడు పాటించే పద్ధతి ఇదే.

ఇంట్లో మిగలని పాలు

ఇక్కడ సభ్యులతో కొంచెం నిష్ఠూరంగా మాట్లాడక తప్పదు. రోజుకు పది లీటర్లు పోసే ఇంట్లో నెలలు నిండుతున్న కోడలు పల్చని మజ్జిగతో అన్నం తినడం మేము చూడని సంగతి కాదు. కొన్ని ఇళ్ళలో అది పొదుపు. కొన్ని ఇళ్ళలో "పాలు తాగితే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుంది" అనే భయం. ఆ భయం పోవడానికి ఒక పరిశోధన గురించి చెబుతాము.

పూణే దగ్గర ఆరు గ్రామాలలో 797 మంది గర్భిణుల తిండిని కనిపెట్టి, వాళ్ళ బిడ్డలను తూచారు. ఫలితాలు 2001లో వచ్చాయి. వాళ్ళందరూ మనలాగే వ్యవసాయం చేసుకునే కుటుంబాలవాళ్ళు. మొత్తం తిండి ఎంత తిన్నారన్నదానికీ బిడ్డ బరువుకూ పెద్ద సంబంధం కనబడలేదు. కాని 18వ వారం నాటికి తరచుగా పాలు తాగినవాళ్ళకు, 28వ వారం నాటికి తరచుగా ఆకుకూరలు, పండ్లు తిన్నవాళ్ళకు పుట్టిన బిడ్డలు పెద్దగా ఉన్నారు. ఇది తూచి, పోల్చి చూసిన సంబంధమేగాని, పాలు ఒక్కటే కారణమని తేల్చిన ప్రయోగం కాదు. అయినా పాలవాళ్ళమైన మనకు ఇది పట్టించుకోదగిన సంగతి. 18వ వారం అంటే అయిదో నెల. మాయ పూర్తిగా అమరి, బిడ్డ బరువెక్కడం మొదలయ్యే సమయం.

రోజుకు 200 మిల్లీలీటర్ల గ్లాసు ఒకటి చొప్పున 270 రోజులకు ఎంతవుతుందో లెక్క వేశాము. 54 లీటర్లు. రోజుకు ఎనిమిది లీటర్లిచ్చే గేదెకు అది ఒక వారం పాలు. తొమ్మిది నెలల్లో ఒక వారం పాలు ఇంటికి మిగుల్చుకుంటే సంఘం పాలకేమీ కొరత రాదు. సంఘం అధ్యక్షులు, కార్యదర్శులు కూడా ఈ మాట సర్వసభ్య సమావేశంలో చెప్పాలని కోరుతున్నాము. తెలంగాణలో 2015లో ఆరోగ్య లక్ష్మి పథకం మొదలుపెట్టినప్పుడు అంగన్‌వాడీలో గర్భిణికి ఒక పూట భోజనంతోపాటు ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టారు. అంగన్‌వాడీకి పాలు పంపే ఊళ్ళో, పాలు పోసే ఇంటి కోడలికే పాలు లేవంటే నలుగురూ ఏమనుకుంటారు?

బిడ్డ కాస్త పెద్దదిగా పుడితే ఏమిటి లాభం, తరువాత మేపితే పెరగదా అని అడిగేవారున్నారు. కొంతవరకు పెరుగుతుంది. చిన్నగా పుట్టిన బిడ్డలలో ఎక్కువమంది రెండేళ్ళలోగా తోటివాళ్ళను అందుకుంటారు. కొందరు అందుకోలేరు, ఎత్తు తక్కువగానే ఉండిపోతారు. ఈ విషయంలో మన హైదరాబాదు దగ్గర జరిగిన పరిశీలన ఒకటుంది. 1987 నుండి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థవారు 29 గ్రామాలను తీసుకుని, 15 గ్రామాలలో గర్భిణులకూ పసిపిల్లలకూ రోజూ అదనపు ఆహారం ఇచ్చారు. మిగిలిన 14 గ్రామాలలో ఆ కార్యక్రమం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏళ్ళవాళ్ళయ్యాక, 2003, 2005 మధ్య వెదికి మళ్ళీ కొలిచారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. అంతేనా అని తీసిపారేయవద్దు. వాళ్ళ నెత్తురులో చక్కెర సంబంధమైన కొలతలు, రక్తనాళాల మెత్తదనం కూడా మెరుగ్గా ఉన్నాయి. అంటే మధుమేహం, గుండెజబ్బు వైపు నడక కొంత నెమ్మదించింది. ఇందులో తల్లి కడుపులో అందినదెంత, పుట్టాక తిన్నదెంత అని విడదీయడం కుదరదు. రెండూ కలిసే పనిచేశాయి.

మధుమేహం మాట ఎందుకు వచ్చిందంటే, ఆ పూణే పరిశోధకులే మరొక సంగతి బయటపెట్టారు. అక్కడి బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డలది 3.5 కిలోలు. మన బిడ్డలలో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. కడుపులో తిండి తక్కువైనప్పుడు బిడ్డ మెదడును కాపాడుకుని, కండను, కొన్ని లోపలి అవయవాలను తగ్గించుకుని సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు జీవితాంతం ఉంటుంది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల హాలెండులో కరువు వచ్చినప్పుడు నిండు నెలల్లో ఆకలి అనుభవించిన తల్లులకు తక్కువ బరువు బిడ్డలు పుట్టారు. తొలి నెలల్లో మాత్రమే ఆకలికి గురైన తల్లుల బిడ్డలు మామూలు బరువుతోనే పుట్టారు, కాని పెద్దయ్యాక వాళ్ళలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. కనుక చిన్నగా పుట్టిన బిడ్డను బొద్దుగా చేయాలని సంవత్సరం నిండకుండానే బిస్కెట్లు, చక్కెర పాలు కుక్కడం మందు కాదు. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆ తరువాత పప్పు, కూరగాయలు, గుడ్డు మెత్తగా చేసి పెట్టాలి. ప్రతినెలా అంగన్‌వాడీలో తూయించి కార్డుమీద గీత చూడాలి. బరువుతోపాటు పొడవు కూడా పెరుగుతున్నదా అని అడగాలి.

మాయకు నెత్తురు తగ్గించే మరికొన్ని అలవాట్లున్నాయి. ఉత్తరాంధ్ర పల్లెలలో ఆడవాళ్ళు అడ్డపొగ తాగడం తెలిసిందే. చుట్ట నిప్పు నోటి లోపలున్నా బయటున్నా దాని విషం నెత్తురులోకి పోతుంది. రక్తనాళాలు ముడుచుకుంటాయి, బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. గాలాడని వంటింట్లో కట్టెల పొగ కూడా మంచిది కాదు. రక్తహీనత ఉన్న గర్భిణి ఆరోగ్య కార్యకర్త ఇచ్చే ఇనుము మాత్రలను వాంతి వస్తుందని చూరులో దాచకుండా మింగాలి. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా వంటపట్టదు.

పడిన మాయను ఏం చేయాలి?

ఈనిన తరువాత 12 గంటలకు కూడా మాయ పడకపోతే పశువైద్యుణ్ణి పిలవాలి. వేలాడే మాయకు రాయి కట్టడం, చేత్తో లాగడం చేయవద్దు. గుండీలు ఊడకుండా లాగితే బొడిపెలు చిరిగి గర్భసంచి చీము పడుతుంది, పశువు మళ్ళీ కట్టడం కష్టమవుతుంది. మందులు వాడిన పశువు పాలను డాక్టరు చెప్పిన రోజులదాకా సంఘానికి పోయకూడదు.

నెలలు నిండకుండా, ముఖ్యంగా ఆరో నెల దాటాక పశువు ఈసుకుపోతే బ్రుసెల్లా వ్యాధి అని అనుమానించాలి. ఆ సూక్ష్మజీవి మాయలో విపరీతంగా పెరుగుతుంది. గుత్తులను పాడుచేసి దూడకు తిండి అందకుండా చేస్తుంది. అటువంటి మాయను వట్టిచేతులతో ముట్టుకున్నవాళ్ళకు కూడా జ్వరాలు, కీళ్ళనొప్పులు వస్తాయి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెను ఆ పనికి అసలు పంపవద్దు. నాలుగు నుండి ఎనిమిది నెలల వయసులో పెయ్యదూడలకు ఒకసారి టీకా వేయిస్తే చాలు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకా కూడా ఉంది. చెవిపోగు నెంబరుతో సహా రాయించుకోండి.

ఆరోగ్యంగా ఈనిన పశువు మాయను కూడా పేడకుప్పలో పారేయవద్దు. పశువుకు నెలలు నిండగానే కొట్టానికీ బావికీ దూరంగా నడుములోతు గుంత తవ్వి ఉంచుకుంటే అర్ధరాత్రి ఈనినా తడుముకోనక్కరలేదు. చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని మాయను, తడిసిన గడ్డిని గుంతలో వేసి, పైన సున్నం చల్లి, కుక్కలు తోడకుండా మట్టి కప్పి పెద్ద రాళ్ళు పెట్టాలి. తరువాత చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి దూడ రెండోసారి తాగిందో లేదో చూడాలి.